ఇల్లు మారే వేళ, మండు వేసవిలో క్రిస్మస్: ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి?

ప్రశ్న

అందరికీ వందనాలు. మేము ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాము. జనవరి మొదటి వారంలో ఈ ఇల్లు ఖాళీ చేసి, నగరానికి పడమటి వైపున తీసుకున్న మరో అద్దె ఇంటికి మారుతున్నాము. నోటీసు ఇచ్చాము, సామాను లారీ మాట్లాడుకున్నాము, సగం గదులు అప్పుడే అట్టపెట్టెలతో నిండిపోయాయి. ఇదంతా సరిగ్గా పండుగ మీదికి వచ్చిపడింది.

ఈ ఏడాది మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. వారికి క్రిస్మస్ అంటే డిసెంబరు చలి, తెల్లవారుజామున శాలువాలు కప్పుకొని ఆరాధనకు నడిచి వెళ్లడం, పొద్దుగూకగానే ఇంటింటి ముందు వెలిగే నక్షత్రాలు. ఇక్కడేమో నడివేసవి. వాకిట్లో కట్టిన నక్షత్రం రాత్రి తొమ్మిది దాటితే గాని వెలిగినట్టు కనిపించదు. ఏసీ ఒక్క హాలులోనే ఉంది. పెట్టెలన్నీ ఆ హాలులోనే పేర్చి ఉన్నాయి.

ఈసారికి ఆరాధనకు వెళ్లి వచ్చి ఊరుకుందామని మావారు అంటున్నారు. పిల్లలు ఒప్పుకోవడం లేదు. మామయ్యగారు పైకి ఏమీ అనకపోయినా, నలుగురూ ఇంటికి వచ్చి భోంచేయని క్రిస్మస్ ఆయనకు పండుగలా ఉండదని నాకు తెలుసు. ఏటా మా సంఘంలోని కొన్ని కుటుంబాలు ఆ మధ్యాహ్నం మా ఇంటికే వస్తాయి. ఇంత హడావిడిలో, ఇంత ఎండలో, పండుగను ఎంతవరకు నిలుపుకోగలము? ఇలాంటి పరిస్థితి దాటివచ్చినవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

వందనాలమ్మా. పండుగ ఏర్పాట్లకన్నా ముందు కాగితాల పని చూసుకోండి. 25, 26 తేదీలు, జనవరి 1 సెలవులు కావడమే కాక, ఆ మధ్య రోజుల్లో కూడా చాలా అద్దె ఏజెన్సీలు మూసే ఉంటాయి. అందుచేత కొత్త ఇంటి తాళాలు ఎవరిస్తారో, ఏ రోజున ఎక్కడ ఇస్తారో వారి కార్యాలయం మూయకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. కరెంటు, గ్యాసు కొత్త చిరునామాకు మార్చమని ఇప్పుడే చెప్పండి; చీకటి ఇంట్లో, ఆ వేడిలో పెద్దవారితో మొదటి రాత్రి గడపవలసిన అవసరం రాకూడదు. ఉత్తరాలు కొత్త చిరునామాకు మళ్లించమని ఆస్ట్రేలియా పోస్ట్‌కు కూడా ముందే చెప్పుకోవచ్చు.

ఇంటి స్థితిని నమోదు చేసే కండిషన్ రిపోర్టును మన విక్టోరియా రాష్ట్రంలో కొత్త ఇంట్లో చేరిన తరువాత 5 పనిదినాలలోగా మీ అభ్యంతరాలతో తిరిగి ఇవ్వాలి. అలసటలో చాలామంది దీన్ని పక్కన పడేస్తారు. గోడమీది గీతనూ తలుపు పగులునూ అప్పుడే రాయకపోతే, ఖాళీ చేసే రోజున అవి మనం చేసినవి కావని చూపడం కష్టమవుతుంది. బాండు సొమ్ము, అంటే మనం ముందుగా కట్టిన అద్దె డిపాజిట్టు, ఏజెన్సీ చేతిలో ఉండదు, రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీ దగ్గర ఉంటుంది. అయినా తగాదా వస్తే ఫొటోలే సాక్ష్యం. పాత ఇంటి పొయ్యి, ఓవెన్ పండుగ వంటలన్నీ అయిపోయిన తరువాతే తోమించండి. గారెలు, అప్పాలు వంటి నూనె వంటలు వీలైతే పెరట్లో చేసుకుంటే వంటగది గోడలకు జిడ్డు పట్టదు, ఇల్లూ వేడెక్కదు.

మరొక మాట. వద్దనుకున్న బట్టలు, సామాను దాతృత్వ దుకాణాలకు ఇవ్వాలనుకుంటే అవి తెరిచి ఉన్న వేళలోనే ఇవ్వండి. సెలవుల్లో మూసిన తలుపుల ముందు సంచులు వదిలితే అవి తడిసి, చెదిరిపోయి, పారవేసే ఖర్చు ఆ సంస్థల మీదనే పడుతుంది.

రెండవ సమాధానం

నేను వేడి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో పెద్దవారున్నారు.

మెల్‌బోర్న్‌లో క్రిస్మస్ ఎలా ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఖండం నడిమధ్య నుంచి ఉత్తరపు గాలి వీస్తే పగలు 40 డిగ్రీలకు చేరవచ్చు. అదే సాయంత్రం గాలి నైరుతికి తిరిగిందంటే గంట తిరగకముందే ఒళ్లు చల్లబడి, దుప్పటి వెతుక్కోవలసి వస్తుంది. కనుక వేసవి బట్టలతోపాటు అత్తయ్యగారి శాలువా ఒకటి పెట్టెలో వేయకుండా బయటే ఉంచండి.

ఇక భోజనం. చల్లగా ఉండవలసిన పదార్థం 5 డిగ్రీలలోపు, వేడిగా ఉండవలసినది 60 డిగ్రీలపైన ఉండాలి. ఆ రెంటి నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఇక్కడ పాటించే నియమం తేలికైనదే: ఆ నడిమి వేడిలో పదార్థం మొత్తం రెండు గంటలలోపు ఉంటే తిరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, రెండు నుంచి నాలుగు గంటలైతే వెంటనే తినేయాలి, నాలుగు దాటితే పారేయాలి. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు కాబట్టి, బిర్యానీ గిన్నెను మధ్యాహ్నమంతా బల్లమీద ఉంచి రాత్రికి మళ్లీ వేడిచేసి వడ్డించే మన అలవాటు ఈ ఎండకు పనికిరాదు. మిగులుతుందనుకున్నదాన్ని వడ్డన మొదలుకాకముందే వెడల్పాటి పళ్లాల్లోకి పలచగా తీసి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. కజ్జికాయలు, గులాబీ పువ్వులు, అరిసెలు వంటివి ముందే చేసి డబ్బాల్లో పెట్టుకుంటే చెడిపోవు, ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడే పనీ తగ్గుతుంది.

బయట మాంసం కాల్చుకోవాలనుకుంటే ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్, అంటే కార్చిచ్చు భయంతో ఆరుబయట నిప్పు మీద పెట్టే నిషేధం, ఉందేమో తప్పకుండా చూడండి. ఉంటే కట్టెలు, బొగ్గులు వెలిగించకూడదు. గ్యాసు లేదా కరెంటు బార్బెక్యూ అయినా చుట్టూ 3 మీటర్ల మేర మండే వస్తువేదీ ఉండకూడదు, నీటి గొట్టం గానీ కనీసం 10 లీటర్ల నీళ్లు గానీ దగ్గర ఉండాలి, పిల్లలు కాకుండా ఎదిగినవారొకరు కదలకుండా అక్కడే నిలబడాలి. పెరట్లో ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉన్న ఇంట్లో ఈ మాట మరీ ముఖ్యం. 2015లో సరిగ్గా క్రిస్మస్ రోజున గ్రేట్ ఓషన్ రోడ్డు మీది వై రివర్, సెపరేషన్ క్రీక్ ఊళ్లలో కార్చిచ్చుకు 100కు పైగా ఇళ్లు కాలిపోయాయి. ముందుగానే జనాన్ని ఖాళీ చేయించబట్టి ప్రాణాలు దక్కాయి.

మామయ్యగారు రక్తపోటు మాత్రలు వేసుకుంటూ ఉంటే డాక్టరును ఒకసారి అడగండి; కొన్ని మాత్రలు ఒంట్లోని నీటిని బయటికి పంపేస్తాయి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య నీళ్లు, మజ్జిగ ఇస్తుండండి. మందులను లారీలో వేయవద్దు. మూసిన లారీలో కొవ్వొత్తులు కూడా కరిగి, పక్కనున్న బట్టల్లోకి ఇంకిపోతాయి.

మూడవ సమాధానం

అందరూ ఎలా చేసుకోవాలో చెబుతున్నారు, కానీ మీవారి మాటలో కూడా న్యాయం ఉంది. ఇల్లు సర్దుతూ, పిల్లల్ని, పెద్దల్ని చూసుకుంటూ, అందరికీ వండి వడ్డించే భారం చివరికి మీ ఒక్కరి భుజాల మీదనే పడుతుంది. ఆరాధనకు వెళ్లి రండి, ఇంట్లో ప్రార్థన చేసుకోండి, విందును కొత్త ఇంట్లో గృహప్రవేశ ప్రార్థనతో కలిపి జనవరిలో పెట్టుకోండి. సంఘం వారు ఏమీ అనుకోరు.

నాలుగవ సమాధానం

పై వారు భారం గురించి చెప్పినది అక్షరాలా నిజం, కానీ పండుగను జనవరికి నెట్టమనడం నాకు సమ్మతం కాదు. పెద్దవారు అంత దూరం నుంచి వచ్చారు. జనవరిలో చేసేది గృహప్రవేశమవుతుంది గాని క్రిస్మస్ కాదు, పిల్లలకు ఆ తేడా బాగా తెలుసు. భారం ఒక్కరిమీద పడుతుంటే దాన్ని పంచాలి. మీ ఇంటికి వచ్చే కుటుంబాలే తలా ఒక వంటకం తెస్తాయి; మీరు అడగాలి, అంతే. వడ్డన, గిన్నెలు మీవారికీ వచ్చిన మగవారికీ అప్పగించండి.

ఇల్లంతా పండుగ ఇల్లు కానవసరం లేదు. ఏసీ ఉన్న హాలు నుంచి పెట్టెలను పడకగదిలోకి మార్చి, హాలును మాత్రం చివరిదాకా కదపకండి. చెట్టు ఒకటి, పశువుల పాక ఒకటి, నేలమీద పరచడానికి దుప్పట్లు, తినడానికి కాగితపు పళ్లాలు ఉంటే చాలు. మేము ఇలాగే ఇల్లు మారబోయే ఏడాది మా అమ్మాయి ఖాళీ అట్టపెట్టెను పక్కకు తిప్పి, చీపురు పుల్లలతో కప్పు వేసి, పగలకుండా కాగితాల్లో చుట్టిపెట్టిన యోసేపు, మరియల బొమ్మలను మళ్లీ విప్పి అందులో పెట్టింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘వంటగది’ అని రాసి ఉంది. అది అలాగే ఉండనిచ్చాము. ప్రసవానికి చోటు దొరకని దంపతుల కథ చెప్పుకునే పండుగ ఇది. ఇంట్లో పెట్టెలున్నాయని దానికి లోపమేమీ రాదు.

మధ్యాహ్నపు ఎండలో అందరినీ పిలవకుండా, ఆరాధన నుంచి వచ్చాక కాస్త పడుకొని, సాయంత్రం ఆరింటికి రమ్మనండి. చీకటి పడేసరికి ఎటూ తొమ్మిదవుతుంది. మీ మామయ్యగారికి పాటలంటే ఇష్టమైతే, 24వ తేదీ రాత్రి మన నగరంలోని ఆరుబయలు వేదిక సిడ్నీ మయర్ మ్యూజిక్ బౌల్‌లో జరిగే క్రిస్మస్ పాటల కార్యక్రమం, క్యారల్స్ బై క్యాండిల్‌లైట్‌ను టీవీలో చూపించండి. 1938లో మెల్‌బోర్న్‌లోనే మొదలైన ఆనవాయితీ అది. పచ్చికమీద కూర్చొని వేలాదిమంది వేసవి రాత్రి పాడుతుంటే, చలి లేకపోయినా పండుగే అని వారికే తెలుస్తుంది. టీవీని మాత్రం ముందే సర్దేయకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలు మావారికి చదివి వినిపించాను. విందు సాయంత్రానికి మార్చాము, తలా ఒక వంటకం తెమ్మని అందరికీ ఫోను చేశాము, హాలులోని పెట్టెలు ఇవాళే పడకగదిలోకి వెళ్లాయి. మామయ్యగారు వెంటనే లేచి నక్షత్రానికి కొత్త బల్బు అడిగారు. ఒక్క సందేహం మిగిలింది. పండుగ వంటలు మిగిలితే ఫ్రిజ్ నిండా ఉంటాయి. దానిని ఎప్పుడు ఖాళీ చేయాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మిగిలినవి ఆ రాత్రే వచ్చినవారికి డబ్బాల్లో పెట్టి ఇచ్చేయండి. 26న మీరు తినడానికి సరిపడా మాత్రమే ఉంచుకోండి. ఆ తరువాత కొత్తగా ఏమీ కొనకుండా ఉన్నవాటితోనే గడిపితే, లారీ వచ్చే ముందురోజుకు ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. అప్పుడు ఆపి, మంచు కరగనిచ్చి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉంచండి. లారీలో నిలువుగానే నిలబెట్టమని గట్టిగా చెప్పండి. పడుకోబెట్టి తీసుకువెళితే కొత్త ఇంట్లో కొన్ని గంటలపాటు నిలబెట్టి ఉంచిన తరువాతే స్విచ్ వేయాలి. ఆ ఒక్క రోజుకు పాలు, పెరుగు, చల్లని నీళ్లు ఐసు వేసిన ఎస్కీ డబ్బాలో పెట్టి కారులో మీతోనే తీసుకువెళ్లండి. బార్బెక్యూ గ్యాసు సిలిండరును లారీవాళ్లు సాధారణంగా ఎక్కించుకోరు, దాని సంగతి కూడా ముందే అడగండి.