అప్‌డేట్: నాన్నగారికి అక్షరాలు రెండుగా కనిపించడం గురించి

పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉన్న మా నాన్నగారికి పేపర్ చదువుతుంటే ప్రతి లైనూ రెండుగా కనిపిస్తోందని, ఇక్కడ పర్లాకిమిడిలో అద్దాలు మార్పించినా తగ్గలేదని ఆమధ్య అడిగాను కదా. "ఒక కన్ను మూసి చూడమనండి" అన్నవారికి దండం. మూస్తే ఒకటే కనిపించింది! అంటే తేడా ఏదో ఒక కంట్లో కాదు, రెండు కళ్లకీ పొత్తు కుదరకపోవడంలో ఉంది.

విశాఖలో కంటి డాక్టరుగారు పెన్ను కొసను మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చారు. కొంతదూరం రెండు కళ్లూ లోపలికి తిరిగాయి, ఆ తర్వాత ఒకటి పక్కకి జారిపోయింది. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ ఇలా కలవకపోవడం పార్కిన్సన్స్‌లో చాలామందికి ఉంటుందట. చదవడానికి మాత్రం విడిగా ప్రిజం అద్దాలు (రెండు కళ్ల బొమ్మల్నీ ఒకచోటికి చేర్చేవి) రాశారు. బైఫోకల్ (పైన దూరానికి, కింద దగ్గరికి ఉండే అద్దాలు) వద్దన్నారు, మెట్లు దిగేటప్పుడు తూలతారని. మా పాతింటి మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో చూస్తే మీరూ అదే అంటారు. రెప్పలు తక్కువగా కొట్టడం వల్ల కళ్లు ఆరిపోయి మంట, దానికి చుక్కలు. వణుకుకి వాడే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా దగ్గరి చూపును మసకబార్చగలదట, కానీ న్యూరాలజిస్టుని అడగకుండా మానొద్దన్నారు.

ఇప్పుడు పేపర్ చదువుతున్నారు. సాయంత్రం అలసిపోతే మాత్రం మళ్లీ రెండవుతోంది. మందు సంగతి అడగడానికి వచ్చే వారం బరంపురం వెళ్తున్నాం.