అప్‌డేట్: పదిహేను వేల లోపు పాత హోమ్ థియేటర్, చివరకు ఏం తీసుకున్నానంటే

పదిహేను వేల రూపాయల్లో కొత్త సౌండ్‌బార్ కొనాలా, లేక సెకండ్‌హ్యాండ్ రిసీవర్ (టీవీ శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె), స్పీకర్లు వెతకాలా అని ఇదివరకు అడిగాను. రెండో దారే మేలని చెప్పి, ఏమేం పరీక్షించాలో ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు. 2012 నాటి యమహా ఆర్‌ఎక్స్-వి373 రిసీవర్‌ను, రెండు బుక్‌షెల్ఫ్ (అల్మరాలో పట్టే చిన్న) స్పీకర్లను తీసుకున్నాను. ఈ రిసీవర్‌కు 4కే (అత్యంత స్పష్టమైన) చిత్రాన్ని టీవీకి పంపే సామర్థ్యం లేదు గానీ, మా ఇంట్లో చిత్రం నేరుగా టీవీలోనే వస్తూ, శబ్దం మాత్రమే ఏఆర్‌సీ పోర్టు (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) ద్వారా రిసీవర్‌కు చేరుతుంది కనుక ఆ లోటు తెలియడం లేదు.

అంతకుముందు చూసిన ఒక జత స్పీకర్లు చూపులకు కొత్తగానే ఉన్నా, వూఫర్ (స్పీకర్‌లో లోతైన శబ్దాలిచ్చే భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలితో తాకగానే పొడిపొడిగా రాలిపోయింది. అందుకే రబ్బరు అంచు ఉన్నవే ఎంచుకున్నాను. మరొకరు అమెరికా నుంచి తెచ్చుకున్న రిసీవర్‌ను బాగా తక్కువకు ఇస్తామన్నారు, కానీ అది 120 వోల్టులది. మన 230 వోల్టులను తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొంటే ఆ చవక మిగలదు, పైగా ఎవరైనా తెలియక నేరుగా ప్లగ్గులో పెడితే పాడైపోతుంది.

సబ్‌వూఫర్‌కు (బాగా లోతైన శబ్దాల కోసం వాడే విడి స్పీకర్‌కు) ఇంకా డబ్బు సమకూరలేదు. వాడిన పవర్డ్ (సొంత ఆంప్లిఫయర్ ఉన్న) సబ్‌వూఫర్‌లో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.