బోటు వెనకాల వేక్‌బోర్డు: 82 కేజీల మనిషికి ఏది తీసుకోవాలి?

లాసన్స్‌బే82:
అందరికీ నమస్కారం. రుషికొండలో సర్ఫింగ్ ఓ మాదిరిగా వచ్చు, వేక్‌బోర్డు (బోటు తాడుతో లాగుతుంటే కాళ్ళకి బిగించుకుని నీళ్ళమీద జారే పలక) మాత్రం కొత్త. మా బావ దగ్గర పద్దెనిమిది అడుగుల ఫైబర్ బోటుంది, 60 హెచ్‌పీ అవుట్‌బోర్డు ఇంజను. భీమిలి దగ్గర తెల్లారగట్ట తీద్దామనుకుంటున్నాం. రెండు బోర్డులు చూసి పెట్టుకున్నాను. ఒకటి సెకండ్‌హ్యాండ్ 138 (సెంటీమీటర్ల పొడవు), కేబుల్ పార్కులో, అంటే బోటు బదులు పైన కట్టిన తీగ లాగే చోట, వాడింది. ఫిన్లు (అడుగున ఉండే చిన్న రెక్కలు) లేవు, అడుగున గ్రైండ్ బేస్ (రాపిడికి తట్టుకునే గట్టి పొర), బేరం బాగా కిందికొచ్చింది. రెండోది కొత్త 142, కంటిన్యువస్ రాకర్ (కొసనుంచి కొసదాకా ఒకే సాఫీ వంపు), విప్పుకునే ఫిన్లు, ధర రెట్టింపు పైనే. ఏది తీసుకోమంటారు? బైండింగ్‌లు (బోర్డుకి బిగించే కాలి తొడుగులు) ఓపెన్ టోనా, క్లోజ్డ్ టోనా? రెండింటి మధ్య ఎంత దూరం? ముందు ఏ కాలు? తాడు ఫిషింగ్ హార్బర్ దగ్గర కొనేస్తే సరిపోతుందా?

ఉప్పుగాలి:
138 వదిలెయ్ గురూ, 82కి అది పొట్టి. చాలా కంపెనీల చార్టుల్లో దాదాపు 80 కేజీలు దాటితే 140 నుంచి 144 అనే ఉంటుంది.

సైజు సంగతి సరే, స్క్రూల సంగతి ఎవరూ చెప్పరు. బైండింగ్‌కి వచ్చేవి ఎమ్6 స్టీలు స్క్రూలు, బోర్డు లోపలి ఇన్సర్టు ఇత్తడో ఇంకోటో. మధ్యలోకి మన ఉప్పునీళ్ళు చేరితే రెండూ కలిసి పట్టేస్తాయి. నా బోర్డుకి అదే అయింది. స్క్రూడ్రైవరు తిప్పితే తల అరిగిపోయింది గానీ స్క్రూ కదల్లేదు, చివరికి డ్రిల్లు పెట్టించి తీయించా. అంత డబ్బు తీసుకుని అమ్మినవాడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడుగు. అప్పుడప్పుడూ స్క్రూలన్నీ విప్పి, మెరైన్ గ్రీజు రాసి మళ్ళీ బిగించు. ఈ బోర్డులు చెరువుల్లో తిరిగేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి, బంగాళాఖాతం కోసం కాదు.

నేవిగేటర్_విశాఖ:
నేను మర్చంట్ నేవీ. బ్యాంకాక్ దగ్గర థాయ్ వేక్ పార్కులో చేశాను, ఫిలిప్పీన్స్‌లో కామ్‌సుర్‌లో చేశాను, ఫ్లోరిడాలో మాస్టర్‌క్రాఫ్ట్ బోటు వెనకా చేశాను. ఇక్కడ మూడూ చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలీదు, అందుకే వివరంగా రాస్తున్నా.

కేబుల్ పార్కులో తాడు పైనుంచి లాగుతుంది, మనిషి తేలిగ్గా నీళ్ళమీదికి లేస్తాడు. బోటుకి తాడు కిందనుంచి లాగుతుంది, లేవడానికీ పక్కకి కోసుకుంటూ పోవడానికీ బోర్డు అంచు నీళ్ళని పట్టుకోవాలి. అందుకే బోటు బోర్డుకి అంచు పదును ఎక్కువ, అడుగున చానెళ్ళు (పొడవాటి గాడులు), ఫిన్లు. కేబుల్ బోర్డు పార్కులో కట్టిన రెయిళ్ళమీద జారడానికి చేసింది, మెత్తగా వంగుతుంది. బోటు వెనక అది చేతికి రాదు.

అయితే కంటిన్యువస్ రాకర్ ఎందుకు? త్రీ-స్టేజ్ తీసుకో. మధ్యలో చదును, రెండు కొసల్లో ఒక్కసారిగా లేచే వంపు. వేక్ (బోటు వెనక లేచే అల) అంచు తగలగానే నిట్టనిలువుగా ఎత్తి పారేస్తుంది. ఎగరడం నేర్చుకోవాలంటే అదే.

సీతమ్మధార_రైడర్:
నేవిగేటర్ గారూ, ఎగరడానికి ముందు వేక్ ఉండాలి కదా? మాస్టర్‌క్రాఫ్ట్ లోపల టన్ను పైన నీళ్ళు నింపుతారు, అందుకే దాని వెనక నడుం ఎత్తు గోడ లేస్తుంది. 18 అడుగుల ఫైబర్ బోటు వెనక లేచేది మోకాలెత్తు కూడా ఉండదు. త్రీ-స్టేజ్ కొసలు నీళ్ళని ముందుకి తోస్తూ ఉంటాయి, బరువుగా, నిదానంగా నడుస్తుంది. 60 హెచ్‌పీ ఇంజను 82 కేజీల మనిషిని లేపడానికే కష్టపడుతుంటే ఆ ఈడ్పు కూడా ఎందుకు? కంటిన్యువస్ జారిపోతుంది, అడుగు నీళ్ళమీద త్వరగా తేలుతుంది, తిరగడం సాఫీ. లాసన్స్‌బే గారు 142 తీసుకోవాలి. 143 దొరికినా మంచిదే.

భీమిలి_కుర్రోడు:
వేక్ చిన్నదైతే పెద్దది చేసుకోవాలి గానీ బోర్డు మార్చుకుంటారేటి? మేం వెనక్కి మూడు ఇసుక బస్తాలు వేస్తాం. బోటు అమరం దిగుతుంది, వేక్ లేస్తుంది. ఏ బోర్డైనా ఎగురుతుంది. ఖర్చు లేదు.

నేవిగేటర్_విశాఖ:
ఇసుక బస్తాలా? సముద్రంలోనా? దయచేసి ఎవరూ ఇది చెయ్యకండి.

బాలాస్ట్ (బోటుని దింపడానికి వేసే బరువు) అంటే నీళ్ళ సంచి. కారణం తెలుసుకోండి. లీటరు నీళ్ళు కేజీ. బోటులోకి ఖర్మకాలి నీళ్ళు వచ్చేస్తే, ఆ నీళ్ళలో మునిగిన నీళ్ళ సంచికి బరువుండదు, తేలుతూ ఉంటుంది. ఇసుక మునిగినా బరువే, బోటుని కిందికి లాగుతూనే ఉంటుంది. పైగా వెనకవైపు ఇంజను బరువు ముందే ఉంది. పడిపోయిన రైడర్ కోసం బోటు ఆపినప్పుడు వెనకనుంచి ఒక్క అల వచ్చి ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) మీదుగా లోపలికి దూకితే చాలు.

భీమిలి_కుర్రోడు:
మా తాతల కాలంలో తెరచాప పడవల్లో రాళ్ళు వేసుకుని ఒడిశా దాకా ఎల్లొచ్చారు. వాళ్ళకి తెలీని విషయమా ఇది? పెద్ద ఓడ మీద తిరిగేవాళ్ళకి చిన్న బోటు గురించి ఏం తెలుసు? మాకు ఇప్పటిదాకా ఏమీ అవ్వలేదు.

నేవిగేటర్_విశాఖ:
మీ తాతలు రాళ్ళు పడవ మధ్యలో, అడుగున, తెరచాప ఒరిగించకుండా వేసుకున్నారు. మీరు వేసేది వెనక అంచుమీద. ఆ రెండూ ఒకటి కాదు. ఏమీ అవ్వలేదంటే అల ఇంకా రాలేదనే అర్థం. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో నాకు తెలీదు.

జాలరిపేట:
భీమిలి తమ్ముడూ, మా ఇంట్లో మూడు తరాలుగా వేటే. ఓడాయన చెప్పింది నిజమే. బస్తాలు తీసెయ్.

ఇంకో మాట మీ అందరికీ. గోస్తనీ కలిసేచోట తెల్లారగట్ట నీళ్ళు నిలకడగా ఉంటాయని మీరొస్తారు. అదే టైముకి మావాళ్ళ వలలు కూడా అక్కడే ఉంటాయి. బెండ్లు కనబడతాయి గానీ, వెనక తాడుకి వేలాడుతున్న మనిషిని చూస్తూ బోటు నడిపితే అవి కళ్ళకి ఆనవు. మా పిన్ని కొడుకు వల ఒకసారి ఎవరో ఇంజను ఫ్యాన్లో చుట్టేసి, ఆగకుండా ఎల్లిపోయారు. తెగింది సగం వల. అది కట్టడానికి ఇంటిల్లిపాదీ రాత్రుళ్ళు కూచున్నారు. ఎవరొచ్చి అడిగారు మమ్మల్ని?

గాజువాక_బైకర్:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులు వెళ్తే వలల గొడవే ఉండదు.

జాలరిపేట:
నిషేధం ఇంజను బోట్లకి. తెప్పలకి కాదు. తెప్పల మీద వలలు ఏస్తూనే ఉంటారు. తెలుసుకుని రాయండి.

గాజువాక_బైకర్:
సరే అన్నా, మరి సముద్రం మానేసి తాటిపూడికో మేఘాద్రిగెడ్డకో పోవచ్చుగా? అద్దంలా ఉంటాయి నీళ్ళు.

ఉప్పుగాలి:
అవి వైజాగ్ తాగే నీళ్ళు బాబూ. పెట్రోలు ఇంజనేసుకుని అందులో తిరుగుతావా? ముడసర్లోవ కూడా అంతే. ఆ ఆలోచనే వద్దు.

సీతమ్మధార_రైడర్:
రుషికొండ స్నానాల బీచ్ వైపూ తేకండి. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది, పిల్లలు ఈదే చోటుకి ప్రొపెల్లరు రాకూడదు. భీమిలిలోనే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే, గాలి లేవకముందు. ముందురోజు సాయంత్రం ఒడ్డున ఉన్నవాళ్ళని వలలు ఎటువైపు వేస్తున్నారో అడిగితే చక్కగా చెబుతారు. మేం అలాగే చేస్తాం, ఇప్పటిదాకా ఒక్క మాట రాలేదు.

లాసన్స్‌బే82:
జాలరిపేట గారూ, తప్పకుండా అడిగే వెళ్తాం. బస్తాలు కూడా వెయ్యం. కానీ బైండింగ్‌ల గురించి ఎవరూ చెప్పలేదండీ. ఫిన్లు ఉంచాలా తీసెయ్యాలా?

ఎండాడ_హ్యాండిల్‌పాస్:
ఫిన్లు తీసెయ్. సర్ఫింగ్ వచ్చంటున్నావు కాబట్టి బ్యాలెన్సు ఉంటుంది. ఫిన్లున్నంతకాలం అంచుమీద వాలడం రాదు. మొదటినుంచీ ఫిన్లు లేకుండా నేర్చుకున్నవాళ్ళ రైడింగే వేరు.

సీతమ్మధార_రైడర్:
కొత్తవాళ్ళకి ఇలాంటి సలహా ఇచ్చి వదిలెయ్యకండి. భీమిలి నీళ్ళు ఎప్పుడూ కాస్త గరగరలాడుతూనే ఉంటాయి. ఫిన్ లేని బోర్డు లేచిన మరుక్షణం అడ్డంగా తిరుగుతుంది, ముందు అంచు నీళ్ళలో దిగబడుతుంది, ముఖం నేరుగా నీళ్ళకి తగులుతుంది. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో అది చెంపదెబ్బే. నేను నేర్పినవాళ్ళందరికీ మొదట పెద్ద ఫిన్లతోనే నేర్పాను, అందరూ నిలబడ్డారు. అంచు పట్టు దొరికాక చిన్న ఫిన్లు వేసుకోవచ్చు. విప్పుకునే ఫిన్లున్న బోర్డు కొనమనేది అందుకే.

ఎండాడ_హ్యాండిల్‌పాస్:
మీరు నేర్పినవాళ్ళు ఇప్పటికీ సూటిగా బోటు వెనకే నిలబడి పోతున్నారేమో చూసుకోండి.

సీతమ్మధార_రైడర్:
మా చెల్లెలు రెండువైపులా వేక్ దాటి దూకుతుంది. వచ్చి చూడండి.

నేవిగేటర్_విశాఖ:
ఫిన్లు ఉంచాలి, ఇందులో చర్చే లేదు. ఈ ఆట మొదలైందే తాడుతో లాగే సర్ఫ్‌బోర్డు నుంచి. 1985లో టోనీ ఫిన్ స్కర్ఫర్ తెచ్చాడు. అది నీళ్ళమీద మరీ తేలుతూ ఉండేది, లోతు నీళ్ళలోంచి లేవడం నరకం. 1990లో హెర్బ్ ఓ'బ్రైన్ హైపర్‌లైట్ తెచ్చాడు, దాన్ని నీళ్ళకింద ఉంచి లేవొచ్చు, అప్పటినుంచే మామూలు జనానికి ఈ ఆట అందింది. బోర్డులో మార్పులన్నీ మనిషి తేలిగ్గా లేవడానికే వచ్చాయి, మనం వాటిని కాదని కష్టపడటం ఎందుకు?

ఉప్పుగాలి:
తాడు గురించి అడిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. హార్బర్‌లో దొరికే నైలాన్ తాడు వద్దు. అది లంగరుకి మంచిది, ఎందుకంటే సాగుతుంది. ఇక్కడ సాగడమే ప్రమాదం. హ్యాండిల్ వదిలేశావంటే రబ్బరులా వెనక్కొచ్చి బోటులో కూచున్నవాడి ముఖానికి కొడుతుంది. సాగని తాడు, స్పెక్ట్రాయో డైనీమాయో తీసుకో. పొడవు మొదట 15 మీటర్ల చిల్లర, ముక్కలుగా విడదీసుకునేదైతే తర్వాత 20 దాకా పెంచుకోవచ్చు. బోటుకి ఒక పక్క కొక్కేనికి కట్టకు, బోటు ఆ పక్కకే తిరుగుతుంది. రెండుపక్కలా కట్టి మధ్యలో కప్పీ తిరిగే బ్రైడిల్ వెయ్యి, ఇంజనుకి తగలకుండా పైకి ఎత్తి కట్టు. బోటులో నడిపేవాడు కాక నిన్నే చూస్తూ ఇంకో మనిషి ఉండాల్సిందే.

లాసన్స్‌బే82:
చాలా థాంక్స్. 142 ఖాయం చేశాను, ఫిన్లతోనే. బైండింగ్‌లు?

సీతమ్మధార_రైడర్:
ఓపెన్ టో తీసుకోండి. బావగారూ మీరూ ఒకే బోర్డు వాడుకోవాలంటే, వేళ్ళు బయటికుంటే ఒకటి రెండు సైజులు అటూ ఇటూ అయినా సరిపోతాయి. క్లోజ్డ్ టో పట్టు బాగుంటుంది గానీ ఒక్కరి పాదానికే. వేసుకునేటప్పుడు లోపల నీళ్ళు పోసి, కొంచెం షాంపూ రాస్తే కాలు జారి దిగుతుంది, లేకపోతే బోటు అంచుమీద కూర్చుని కుస్తీ పట్టాలి. దూరం మీ భుజాల వెడల్పు కంటే ఓ పిసరు ఎక్కువ. వెనక బైండింగ్ నిటారుగా, ముందుది కొద్దిగా బయటికి. సర్ఫింగ్‌లో ఏ కాలు ముందుంటే ఇక్కడా అదే.

లేచేటప్పుడు మోకాళ్ళు ఛాతీకి ఆనించి, చేతులు చాపి, బోటునే లాగనివ్వండి. లాగబోతే పడతారు.

భీమిలి_కుర్రోడు:
బస్తాలు తీసేశాం. నీళ్ళ సంచులు ఎక్కడ దొరుకుతాయి?

నేవిగేటర్_విశాఖ:
మంచిపని తమ్ముడూ. బయటినుంచి తెప్పించుకోవాలి. అప్పటిదాకా మూత బిగువుగా ఉన్న నీళ్ళ డబ్బాలు, కదలకుండా తాళ్ళతో కట్టి. బోటు ప్లేటు మీద రాసిన బరువులో మనుషులూ డబ్బాలూ ఇంధనం అన్నీ కలుస్తాయి, అది దాటకూడదు.

మధురవాడ_నాన్న:
ఇదంతా చదివాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, 45 కేజీలు, ఈత బాగా వచ్చు. తనకి ఏ బోర్డు? వాళ్ళ కజిన్ దగ్గరున్న ఇంపాక్ట్ వెస్టు చాలా?

సీతమ్మధార_రైడర్:
చాలదండీ. ఇంపాక్ట్ వెస్టు దెబ్బ తగలకుండా చూస్తుంది గానీ తేల్చి పట్టుకునే బలం చాలావాటికి ఉండదు. కనీసం 50 న్యూటన్లని రాసి ఉన్న వెస్టు, తన సైజుదే కొనండి. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాకా రాకూడదు. బోర్డు 128, 130 అలా చూడండి, పెద్దయ్యాక పనికొస్తుందని 138 కొనొద్దు, తిప్పలేక విసిగిపోతుంది. బోటు గంటకి 25 కిలోమీటర్లు దాటించొద్దు. భీమిలి వచ్చే ఆదివారం మేం ఉంటాం, మా చెల్లెలి పాత బోర్డు 131 ఉంది, ముందు దానిమీద ఒకసారి నిలబడి చూశాక కొనండి.