కిడ్నీలు పాడైన మా బ్రూనోని ఎప్పుడు సాగనంపాలి?

ప్రశ్న:
మా బ్రూనో లాబ్రడార్ కుక్క, పన్నెండేళ్లు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) 7 దాటింది. సెలైన్ ఎక్కించిన రోజు కాస్త లేచి తిరుగుతాడు, మర్నాటికి మళ్లీ వాంతులు. నోటినిండా పుండ్లు. "ఇక మీరే ఆలోచించుకోండి" అన్నారు డాక్టరు గారు. అమ్మేమో ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించే పాపం మనకెందుకు, దానంతట అదే పోనీ అంటోంది. పెరుగన్నం చేత్తో పెడితే నాలుగు ముద్దలు తింటున్నాడు. తింటున్నాడు కదా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా అండీ?

జవాబు:
తిండి ఒక్కటే చూసి ఆగకండి, అందులోనూ లాబ్రడార్. ఒళ్లు నొప్పిగా ఉన్నా తినే జాతి అది. గిన్నె దగ్గరికి తనంతట తను వస్తున్నాడా, మీరు బతిమాలితే మింగుతున్నాడా అన్నది చూడండి.

అమ్మగారి బాధ అర్థమవుతోంది కానీ, ఆ మాట నేను ఒప్పుకోలేను. కిడ్నీలు ఆగిపోయిన కుక్క నిద్రలో హాయిగా పోవడం అరుదు. ఒంట్లోని మలినాలు బయటికి పోక వికారం, నోటిపూత, చివర్లో ఫిట్స్ కూడా రావచ్చు. అది రోజుల తరబడి సాగుతుంది.

ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక మార్కుల పద్ధతి పెట్టారు. నొప్పి (ఊపిరి ఇబ్బంది కూడా ఇందులోకే వస్తుంది), తిండి, ఒంట్లో తగినంత నీరు ఉండడం, శుభ్రత, హుషారు, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా లేదా. ఒక్కోదానికి సున్నా నుంచి 10, బాగుంటే ఎక్కువ. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని ఆవిడ లెక్క. ఇంట్లో అందరూ విడివిడిగా వేయండి, అమ్మగారు కూడా. ఊపిరందక ఎగశ్వాస పడుతుంటే మాత్రం లెక్కలు పక్కనపెట్టి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.

సెలైన్ తర్వాత హుషారు ఎంతసేపు నిలుస్తోందో క్యాలెండర్ మీద రాయండి. అది ఒక్క పూటకి దిగిందంటే, నా దృష్టిలో సమయం వచ్చినట్టే.

ఇంకొకరు:
మూలుగుతున్నాడని మన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ఇవ్వకండి, ఉన్న కాస్త కిడ్నీ కూడా పోతుంది. నొప్పికీ వాంతులకీ డాక్టరు గారినే మందు అడగండి.

అడిగినవారు:
మార్కులు వేశామండీ. అందరికంటే తక్కువ వేసింది అమ్మే. రాత్రిళ్లు లేచి వాడిని శుభ్రం చేసేది తనే మరి. ఇంజెక్షన్ నొప్పి పుడుతుందా? దగ్గర ఉండొచ్చా?

జవాబు:
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఉండండి, వాడికి మీ గొంతు వినబడాలి. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ సూది నొప్పే వాడికి తెలిసేది. పూర్తిగా స్పృహ పోయాక నరంలోకి మందు ఎక్కిస్తారు, నిమిషాల్లో గుండె ఆగుతుంది. మత్తు లేకుండా నేరుగా చేస్తామంటే ఒప్పుకోకండి, ముందే ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. కళ్లు తెరిచే ఉంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు సార్లు పెద్దగా ఊపిరి తీసినట్టు కనబడొచ్చు, మూత్రం పోవచ్చు. అది బాధ కాదు, కంగారు పడకండి. డాక్టరు ఇంటికి వస్తానంటే అదే మేలు, వాడికి ఆస్పత్రి టెన్షన్ తప్పుతుంది.

హైదరాబాద్‌లో ఉంటే నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది. సొంత స్థలంలో పూడ్చేటట్టయితే బావికీ బోరుకీ దూరంగా, నాలుగడుగుల లోతు తవ్వించండి. ఆ మందు ఒంట్లోనే ఉంటుంది, వేరే కుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణానికీ ముప్పే.