కారు డోర్ లాక్‌లోకి వాన నీళ్లు దిగుతున్నాయి, ఎక్కడ ఆపాలి?

లంక_రోడ్డు:

రాజోలు వైపు బండి అండి. 2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్. సెంట్రల్ లాకింగ్ కంపెనీతో వచ్చింది కాదు, తర్వాత బయట పెట్టించింది. తొలకరి నుంచి మూడు తేడాలు.

ఒకటి, డ్రైవర్ డోర్లో తాళంచెవి సగం దాకా దిగి ఆగిపోతోంది. ఆడించి బయటికి తీస్తే తెల్లటి పొడి అంటుకుని వస్తోంది. రెండు, గట్టి వాన పడిన రాత్రి నాలుగు డోర్లూ వాటంతట అవే టకటకా లాక్ పడి మళ్లీ తెరుచుకుంటున్నాయి. మూడు, ఎడమ వెనక డోర్ వేసినప్పుడల్లా లోపల బిందెలో నీళ్లు తొణికినట్టు చప్పుడు.

హ్యాండిళ్ల చుట్టూ, గ్లాస్ బీడింగ్ (గ్లాసు అంచున ఉండే రబ్బరు పట్టీ) వెంట, డోర్ అడుగున సిలికాన్ సీలెంట్ పట్టించేస్తే ఇక చుక్క కూడా దిగదని టింకరింగ్ షాపులో అంటున్నారు. చేయించవచ్చా? తాళంలో కొబ్బరినూనె వెయ్యమని కూడా సలహా వచ్చింది. రోజూ సఖినేటిపల్లిలో పంటు (బండ్లని ఎక్కించుకునే పడవ) ఎక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లే బండి, ఉప్పుగాలి తప్పదు.


డోర్‌ప్యాడ్:

లంక_రోడ్డు గారూ, సీలెంట్ మాట వదిలెయ్యండి. డోర్ అనేది నీళ్లు దూరని డబ్బా కాదండి. గ్లాసు కిందికీ పైకీ ఆడాలి కాబట్టి దాని బయటి బీడింగ్ నీళ్లని తుడుస్తుందే గానీ పూర్తిగా ఆపలేదు. గ్లాసు మీద పడిన వానలో కొంత డోర్ పొట్టలోకి జారి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీద పడిపోతుంది. తయారుచేసినవాళ్లు అలాగే అనుకుని చేశారు. పెంకుటింటి చూరు వానని ఆపుతుందా? నీళ్లు ఎక్కడ పడాలో చూపిస్తుంది, అంతే. అడుగున సీలెంట్ పెట్టారంటే వచ్చిన నీళ్లు పొట్టలోనే నిలిచి రేకుని లోపల్నుంచి తినేస్తాయి. మీ వెనక డోర్లో తొణుకుతున్నవి ఇప్పటికే అలా నిలిచిపోయిన నీళ్లు.

కాబట్టి మొదట ఆ డోర్ చూడండి. తెరిచి అడుగు అంచుని వేళ్లతో తడిమితే రెండు నుంచి నాలుగు రంధ్రాలు తగులుతాయి. కొన్ని బండ్లకి వాటిమీద నాలుకలాంటి రబ్బరు మూత ఉంటుంది. వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ కొసని రంధ్రంలోకి పంపి ముందుకీ వెనక్కీ ఆడించండి. స్క్రూడ్రైవర్ పెడితే పెయింటు గీసుకుపోయి సరిగ్గా అక్కడే తుప్పు మొదలవుతుంది. మన డెల్టాలో ఆ రంధ్రాల్లో దొరికే సరుకు కూడా మనదే: దాళ్వా నూర్పిళ్లప్పుడు రోడ్డు మీద లేచే ఊక, కొబ్బరిచెట్టు కింద బండి పెడితే రాలే పువ్వు, వాటిని పట్టి ఉంచే మట్టి. అడుగున యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టించినప్పుడు రంధ్రాలకి టేపు వెయ్యకపోతే ఆ కోటింగే వాటిని పూడ్చేస్తుంది. అది ఊక కన్నా మొండిది.

తర్వాత పరీక్ష. గ్లాసు పూర్తిగా ఎత్తి, లీటరు చెంబుతో బయటి వైపు మెల్లగా, అర నిమిషం పట్టేలా నీళ్లు పొయ్యండి. కొన్ని సెకన్లలో డోర్ అడుగున ధార కట్టాలి. ధార లేకపోతే రంధ్రాలు ఇంకా తెరుచుకోలేదు. ధారతో పాటు లోపల కాళ్ల దగ్గర మ్యాట్ కూడా తడిస్తే ప్లాస్టిక్ షీటు పోయినట్టు.

ఆ షీటు డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు మనకి కనిపించే కవరు) వెనక ఉంటుంది, నల్లటి బ్యుటైల్ జిగురుతో అంటించి. సెంట్రల్ లాకింగ్ బయట పెట్టించారంటే చెయ్యి దూర్చడానికి దాన్ని కోసి, తిరిగి ప్యాకింగ్ టేపు అంటించి వదిలేసి ఉండే అవకాశం ఎక్కువ. ప్యాకింగ్ టేపు ఒక్క వర్షాకాలం కూడా ఆగదు. ఫోమ్ టేపు మరీ అన్యాయం, నీళ్లు పీల్చి దగ్గరే పెట్టుకుంటుంది.

ప్యాడ్ విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. లోపలి హ్యాండిల్ గిన్నెలో ఒక స్క్రూ, చెయ్యి ఆనించే చోట ఒకటో రెండో ఉంటాయి. అవి తీశాక కింది మూల నుంచి ప్లాస్టిక్ బద్దతో క్లిప్పులు ఒక్కొక్కటీ లేపి, ప్యాడ్‌ని పైకి ఎత్తి తియ్యాలి. క్లిప్పులు కొన్ని విరుగుతాయి, అరడజను ముందే కొని పెట్టుకోండి. కొత్త షీటుకి 150 నుంచి 200 మైక్రాన్ల పాలిథిన్, 6–8 మిల్లీమీటర్ల బ్యుటైల్ టేపు, డోర్‌కి సుమారు మూడున్నర మీటర్లు. పాత జిగురు ముద్దతోనే అద్ది అద్ది తీస్తే మిగతాది ఊడి వస్తుంది, గీకక్కర్లేదు.

చాలామంది తప్పు చేసేది కింది అంచు దగ్గర. షీటు కింది అంచు రేకులో ఉన్న చీలికలోంచి లోపలికి, అంటే గ్లాసు వైపు, వేలాడాలి. అప్పుడు షీటు మీద జారిన నీళ్లు మళ్లీ డోర్ పొట్టలోకే పోతాయి. అంచు ప్యాడ్ వైపు ఉండిపోయిందంటే ఎంత మంచి షీటు వేసినా నీళ్లు మీ కాళ్ల దగ్గరకే.

ప్యాడ్ ఊడదీశారు కాబట్టి తాళం సిలిండర్ (చెవి దూరే గొట్టం) వెనక కూడా ఓ చూపు వెయ్యండి. దానిమీదా, డోర్‌ని పట్టి ఉంచే లాచ్ మీదా ప్లాస్టిక్ కవచం ఉండాలి. రిపేర్లలో మొదట మాయమయ్యేది అదే. లేకపోతే ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ ముక్కని చూరులా వంచి, పైనా గ్లాసు వైపూ మూసి, కింద మాత్రం తెరిచి బిగించండి. రాడ్లకి, గ్లాసుకి తగలకూడదు. గ్లాసు రెండుసార్లు ఎక్కించి దించి చూశాకే ప్యాడ్ వెయ్యండి.


తాళంచెవి:

ఆ తెల్లపొడి సిలిండర్ బాడీదండి. ఎక్కువ కార్లలో అది జింకు పోతపోసింది. జింకుకి ఉప్పు తేమ తగిలితే తెల్లగా పొడిపొడిగా పూస్తుంది. లోపలి పలకలు ఇత్తడివి, స్ప్రింగులు సన్నవి, ఆ పొడిలో ఇరుక్కుపోతాయి. బలం పెట్టి తిప్పకండి, చెవి లోపలే విరిగితే పని రెట్టింపు.

నీళ్లు దిగే దారులు రెండు. తాళం కన్నం నోట్లో స్ప్రింగుతో మూసుకునే చిన్న రేకు తలుపు ఉంటుంది. చెవి తీయగానే టక్కున పడాలి. సగం తెరుచుకుని ఉండిపోతే వాన నేరుగా లోపలికే. రెండోది హ్యాండిల్‌కీ డోర్ రేకుకీ మధ్య ఉండే రబ్బరు మెత్త. డోర్‌కి డెంటింగ్, పెయింటింగ్ చేసినప్పుడు హ్యాండిల్ ఊడదీసి తిరిగి బిగించేటప్పుడు దీన్ని మర్చిపోతారు, లేదా గట్టిపడిన పాతదే పెడతారు. హ్యాండిల్ చుట్టూ కాగితం ముక్క దూరేంత సందు ఉంటే మెత్త పోయినట్టే. మెత్త మార్చడం పరిష్కారం, చుట్టూ సీలెంట్ పూయడం కాదు.

శుభ్రం చేసే పద్ధతి: కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు కనెక్షన్లు కడిగే స్ప్రే) సన్న గొట్టంతో రేకు తలుపు పక్కకి నెట్టి రెండేసి సెకన్ల చొప్పున మూడుసార్లు కొట్టండి. ప్రతిసారీ చెవి దిగినంత మేర పదిసార్లు పెట్టి తీసి, గుడ్డకి తుడవండి. గుడ్డ మీద తెలుపు రావడం ఆగాక అరగంట ఆరనిచ్చి, అప్పుడు పొడి కందెన. ఇంత చేసినా చెవి పూర్తిగా దిగకపోతే సిలిండర్ బయటికి తీయించాల్సిందే. తాళాలు చేసేవాళ్లకి ఇచ్చినా పలకల వరస చెదరకుండా చూడమనండి, వరస మారితే మీ చెవి ఆ తాళానికి పనికిరాదు.

కొబ్బరినూనె గురించి నవ్వొస్తుంది గానీ కోనసీమలో అది ప్రతి ఇంటి సలహా. సుమారు 24 డిగ్రీలకి దిగితే గడ్డకట్టే నూనె అది. ధనుర్మాసం తెల్లవారుజామున మన దగ్గర అంతకన్నా చలి ఉంటుంది. వేసిన రోజు బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఆర్నెల్లకి దుమ్ము పట్టి జిగురవుతుంది. వంటనూనె, ఆముదం, ఇంజిన్ ఆయిలు ఏదైనా అంతే.

డబ్ల్యూడీ-40 వాడొచ్చా అని తర్వాత అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. ఆ పేరుకి అర్థమే నీటిని తోసేసేది అని, 40వ ప్రయత్నంలో కుదిరిన మందు కాబట్టి ఆ అంకె. తడిసిన తాళంలోంచి నీళ్లు తరమడానికి మంచిదే. దాంతోనే సరిపెట్టేస్తే మాత్రం కుదరదు. నా ఓటు గ్రాఫైట్ పొడికి, చిటికెడు చాలు.


ఐదు_వైర్లు:

గ్రాఫైట్ దగ్గర తాళంచెవి గారితో ఒప్పుకోలేనండి. ఊళ్లో మేడ కింద నిలిపే బండికి సరే. ఇది ఉప్పుగాలిలో తిరిగే బండి. గ్రాఫైట్, జింకు, మధ్యలో ఉప్పునీరు: ఈ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అరిగేది జింకు. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న డ్రై స్ప్రే వెయ్యండి. ఏది వేసినా రెండూ కలపకండి. నూనె తడి ఉన్నచోట గ్రాఫైట్ పడితే నల్లటి ముద్ద.

ఇక డోర్లు వాటంతట అవే కొట్టుకోవడం. బయట పెట్టే సెట్‌లో డ్రైవర్ డోర్ మోటార్‌కి ఐదు వైర్లు, మిగతా మూడింటికీ రెండేసి. ఆ ఐదింట్లో రెండు మోటార్‌వి, సాధారణంగా నీలం, ఆకుపచ్చ. మిగతా మూడు లోపలి స్విచ్‌వి: నలుపు, తెలుపు, గోధుమరంగు. లాక్ పడిందా తెరుచుకుందా అని కంట్రోల్ బాక్సుకి చెప్పేది ఈ స్విచ్చే. దాంట్లో తేమ చేరితే బాక్సుకి తప్పుడు కబురు వెళ్తుంది, బాక్సు నాలుగు డోర్లనీ ఆడిస్తుంది. కాబట్టి నాలుగు డోర్లు ఊడదీయక్కర్లేదు. డ్రైవర్ డోర్ కప్లర్ (మోటార్ వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్) పీకి చూడండి. వానలో కూడా ఆట ఆగిపోతే దొంగ దొరికినట్టే.

మల్టీమీటర్ ఉంటే, పీకిన కప్లర్లో మోటార్ వైపు నలుపు నుంచి తెలుపుకి, నలుపు నుంచి గోధుమరంగుకి ఓమ్స్ చూడండి. ఒకటి సున్నా దగ్గర, రెండోది పూర్తిగా ఓపెన్ ఉండాలి. లాక్ నాబ్ తిప్పితే తారుమారవ్వాలి. ఓపెన్ ఉండాల్సిన చోట కిలో ఓమ్స్ చూపిస్తే లోపల తడి. ఆరబెట్టి మళ్లీ పెట్టకండి, ఐదు వైర్ల మోటార్ విడిగా దొరుకుతుంది, మార్చెయ్యండి. అంతవరకూ రాత్రిళ్లు లాకింగ్ ఫ్యూజు తీసేస్తే బ్యాటరీ మిగులుతుంది.

కొత్త మోటార్ బిగించేటప్పుడు దాని రాడ్డు పైకి చూసేలా పెడితే దాని వెంటే నీళ్లు లోపలికి జారతాయి. వీలైతే రాడ్డు అడ్డంగానో కిందికో రావాలి, రాడ్డు మీది రబ్బరు బూటు చిరిగి ఉండకూడదు. వైరు కప్లర్ కన్నా ఐదు సెంటీమీటర్లు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే క్లీనర్‌తో కడిగి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి.


ఏటిగట్టు_పికప్:

వాన వేరు, వరద వేరు. కనకాయలంక కాజ్‌వే లాంటి చోట ఎర్రనీరు డోర్ సగం దాకా వచ్చిందంటే లాక్ బటన్ నొక్కకండి, చెవి కూడా పెట్టకండి. గోదావరి ఒండ్రు పిండిలా మెత్తగా ఉంటుంది, తాళంలో తిప్పితే సానపట్టినట్టు అరుగుతుంది. బ్యాటరీ తీసి, ప్యాడ్ విప్పి, లాచ్‌నీ సిలిండర్‌నీ బురద ఆరకముందే మంచినీళ్లతో కడగాలి. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఒక రోగం పోయి ఇంకో రోగం. కడిగాక మామూలు గాలి బ్లోయర్‌తో ఆరబెట్టి, లాచ్‌కి తెల్ల లిథియం గ్రీజు పెట్టండి. లాచ్‌కే సుమా, తాళం కన్నంలో గ్రీజు కూడదు.

రొయ్యలు, చేపలు మోసే పికప్‌లకైతే ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక డాలా తాళాలని వానకన్నా ముందు తినేస్తాయి. ట్రిప్పు దింపిన వెంటనే ఒక బకెట్ మంచినీళ్లు కొట్టడమే దానికి మందు.


లంక_రోడ్డు:

అందరికీ ధన్యవాదాలండి. వెనక డోర్ రంధ్రాల్లోంచి గుప్పెడు ఊక, దాని వెనకే రెండు మూడు లీటర్ల నీళ్లు వచ్చాయి. డ్రైవర్ డోర్ కప్లర్ పీకాక నిన్న రాత్రి వానలో డోర్లు కదల్లేదు. ఇంకో రెండు సందేహాలు: బీడింగ్ రబ్బరుకి గ్రీజు రాయొచ్చా? వాటర్ సర్వీసింగ్‌లో గన్‌తో కొట్టినప్పుడు తాళం సంగతి?


డోర్‌ప్యాడ్:

రబ్బరుకి మామూలు గ్రీజు, వ్యాజిలిన్, డీజిల్ ఏదీ వద్దు. ఆ రబ్బరు ఖనిజ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడవండి. బీడింగ్ గ్లాసుకి ఆనకుండా పెదవి విప్పుకుని ఉంటే స్ప్రే ఏం చెయ్యలేదు, మార్చాల్సిందే.

సర్వీసింగ్‌కి ముందు తాళం కన్నం మీద మాస్కింగ్ టేపు ముక్క వెయ్యండి. గన్‌ని బీడింగ్‌కీ హ్యాండిల్‌కీ ఎదురుగా పెట్టకుండా, కనీసం రెండడుగుల దూరం నుంచి పై నుంచి కిందికి కొట్టమనండి. కడగడం అయ్యాక టేపు పీకెయ్యాలి, ఉంచేస్తే లోపలి తేమ బయటికి రాదు.

ఏటా రోహిణి కార్తెలో, నూర్పిళ్లు అయ్యి తొలకరి ఇంకా పడనప్పుడు రంధ్రాలు ఒకసారి చూసుకోండి. తుపాన్ల కాలానికి ముందు, దసరా దగ్గర మరోసారి.


తాళంచెవి:

ఒక్కటి కలుపుతా. రిమోట్ ఉంది కదా అని చెవి వాడటం మానేస్తే సిలిండర్ బిగుసుకుపోతుంది. ముందు డోర్లలో ప్రయాణికుల వైపు తాళం ఎవరూ ముట్టరు, పూర్తిగా పట్టేసేది ముందు అదే. నెలకోసారి రెండు తాళాలూ చెవితో తిప్పండి. ఐదు_వైర్లు గారు చెప్పిన పీటీఎఫ్ఈ సంగతి సముద్రం వైపు బండ్లకి ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పటికే గ్రాఫైట్ వేసి ఉంటే మొదట క్లీనర్‌తో పూర్తిగా కడిగాకే అది కొట్టండి.