సున్న లేని చోట సున్న దొరకె

పాతపలక (నిర్వహణ):
ఇవాళ తారీఖు 22/7. బడిలో మనందరం పై (π) విలువ అని బట్టీ పట్టిన భిన్నమే. పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని పై అంకెలు రాస్తూ కూర్చున్నాను. 3 తరువాత చుక్క పెట్టి 14159 26535 89793 23846 26433 83279 5 దాకా వచ్చినా సున్న తగలదు. మిగతా తొమ్మిది అంకెలూ పదమూడో స్థానానికల్లా హాజరు వేయించుకున్నాయి. ఈ మహానుభావుడు మాత్రం ముప్పై రెండో స్థానంలో, పెళ్ళి భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా దిగాడు. అందుకని ఈ వారం సమస్య:

సున్న లేని చోట సున్న దొరకె

పూరణలో పై ఉండాలి. అదొక్కటే షరతు.

డాలస్ కోడలు:
మాకిక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి 3/14 నాడే పై పండగ అయిపోయిందండీ. అయినా మళ్ళీ చేసుకుంటాం. రాత్రికి పూరణ పెడతాను.

మజ్జిగపులుసు:
నేనే బోణీ.

ఆకు వక్క తెచ్చి యరుగున కూర్చొంటి
కాయ మూత తీయ కాన రాదు
గోడ గీరి చూడ గోరంత రాలెను
సున్న లేని చోట సున్న దొరకె

అరసున్న:
పద్యం హాయిగా నడిచింది. కానీ పై ఏదండీ? అరుగుంది, గోడుంది, పైకప్పు కూడా లేదు. పైగా సున్న వేరు, సున్నం వేరు. ఆకులోకి సున్న ఇమ్మని అడిగితే కిళ్ళీకొట్టువాడు ఖాళీ చెయ్యి చూపిస్తాడు.

మజ్జిగపులుసు:
పై లేదని ఒప్పుకున్నాను. సున్నపుకాయ, సున్నపుబట్టీ అంటున్నాం కదా, ఆ 'ము' ఎక్కడికి పోయిందో చెప్పండి మరి.

అరసున్న:
అవి సమాసాలు. విడిగా వాడితే 'ము' ఉండాల్సిందే.

గణకుడు:
పంతులుగారు బెత్తం పట్టుకున్నారు, తప్పుకోండి. నాది ఇదిగో.

ముప్పదొక్క యిండ్లు ముంగిట నిలిచితి
నింటి కొక్క యంకె యిచ్చినారు
పక్క యింటి తల్లి పట్టెడు లేదనె
సున్న లేని చోట సున్న దొరకె

పాతపలక (నిర్వహణ):
అబ్బ! లేదనడమే సున్న పెట్టడం. ముష్టివాడి జోలెలో పై అంకెలు పోగయ్యాయి. మూడో పాదానికి వెయ్యి మార్కులు. ఆవిడ అబద్ధమూ ఆడలేదు, ఉత్తచేతుల్తోనూ పంపలేదు.

అరసున్న:
భావం బాగుంది, కాదనను. 'ముప్పదొక్క' అనే మాట ఏ నిఘంటువులో ఉందో గణకుడుగారు సెలవిస్తే రాసుకుంటాను. ముప్పదియొక్క కదా కావాలి.

గణకుడు:
అది పెడితే గణం విరుగుతుంది, ఆ సంగతి మీకూ తెలుసు. నిఘంటువుల మాట ఎత్తారు గనక నిరుడు మీరు షాంక్స్ మీద రాసిన పద్యం ఒకసారి తలుచుకుందాం.

ఏడు వంద లేడు నెక్కించె షాంక్సయ్య
ఐదు వంద లిరువ దెనిమి దింట...

రెండో పాదం చూడండి. ఐ కీ ఎ కీ యతిమైత్రి ఎప్పుడు కుదిరింది మాస్టారూ?

మజ్జిగపులుసు:
ఈ షాంక్స్ ఎవరు బాబాయ్? నేను నిరుడు లేను.

గణకుడు:
ఇంగ్లండు వాడురా. 1873 నాటికి చేత్తో లెక్కకట్టి పై కి 707 స్థానాలు అచ్చేశాడు. 528వ స్థానంలో తప్పాడు. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ తప్పే. 1940లలో ఫెర్గూసన్ అనే ఆయన మళ్ళీ లెక్క చేసేదాకా ఎవరూ పట్టుకోలేదు. అరసున్నగారి గొప్పతనం ఏమిటంటే, షాంక్స్ ఏ అంకె దగ్గర తప్పాడో సరిగ్గా ఆ అంకె చెప్పేచోటే ఈయన యతీ తప్పింది!

పాతపలక (నిర్వహణ):
😂 ఇది నిరుడే ఎందుకు తట్టలేదయ్యా.

అరసున్న:
నవ్వండి. సవరణ నిరుడే రాసుకున్నాను, పెట్టలేదంతే. 'అయిదు వందలందు నడుగు జారె'. యతి సరిపోయింది, గణాలు సరిపోయాయి.

గణకుడు:
ఇరవై ఎనిమిది ఎటు పోయింది?

అరసున్న:
అడుగు జారినవాడికి ఇరవై ఎనిమిది గుర్తుంటుందా!

మజ్జిగపులుసు:
ఇంకో 55 స్థానాలు ఓపిక పట్టి ఉంటే 762 దగ్గర వరసగా ఆరు తొమ్మిదులు తగిలేవి కదా పాపం.

గణకుడు:
528లోనే దారి తప్పినవాడికి అవెక్కడ తగులుతాయిరా.

డాలస్ కోడలు:
ఆలస్యమైంది, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చాను. అక్షరాలతో అంకెలు చెప్పే కటపయాది పద్ధతిలో పై విలువ దాచిన శ్లోకం మీద ప్రయత్నించాను.

గోపిభాగ్య మనెడి గూఢసంఖ్యల పద్య
మందు వెదుక నేది? మచ్చుకైన
లేదు, తెలుగు లిపిని లెక్కించి చూడగా
సున్న లేని చోట సున్న దొరకె

మజ్జిగపులుసు:
అక్కా, అర్థం కాలేదు.

డాలస్ కోడలు:
శ్లోకం ఇది తమ్ముడూ:

గోపీభాగ్యమధువ్రాత శృంగిశోదధిసంధిగ
ఖలజీవితఖాతావ గలహాలారసంధర

గ 3, ప 1, భ 4, య 1, మ 5, ధ 9... అలా పై వస్తుంది. జంటాక్షరంలో చివరి హల్లే లెక్క. ఇందులో సున్న కావాలంటే న గానీ ఞ గానీ విడిగా నిలిచిన అచ్చు గానీ ఉండాలి, శ్లోకమంతా వెతికినా లేవు. ఇప్పుడు అదే శ్లోకాన్ని మన లిపిలో చూడు. శృంగిలో ఒక నిండుసున్న, సంధిగలో ఒకటి, రసంధరలో ఒకటి. మూడు సున్నలు! కటపయాది వాటికి విలువ కట్టదు.

పాతపలక (నిర్వహణ):
మూడంటే పై లో చుక్కకి ముందున్నదే. ఇది నేను అనుకోలేదమ్మా, మతిపోయింది. నాగరిలో రాస్తే నెత్తిన చుక్కే. సున్న కావాలంటే తెలుగులోనే రాయాలి.

గణకుడు:
'వెదుక నేది'లో వెదుకన్ ఏది, న ఏది, రెండూ పలుకుతున్నాయి. చెల్లెమ్మా, నా ముష్టి జోలె నీ గుమ్మంలో పెట్టేశాను.

అరసున్న:
నా పేరు పెట్టుకున్నందుకైనా ఈ పూరణ నాకు రావాల్సింది. అమ్మా, చాలా బాగుంది. గోపీని గోపి చేశావు, అదొక్కటి...

డాలస్ కోడలు:
కటపయాదిలో అచ్చు పొడవు లెక్కకు రాదు కదండీ, పీ అన్నా పి అన్నా 1 కదా!

గణకుడు:
పంతులుగారి బెత్తం విరిగింది.

అరసున్న:
విరగలేదు, చివరి అక్షరం మీదికి తిప్పుతున్నాను. రసంధర, ఆఖరి ర అంటే 2. ముప్పై ఒకటో స్థానంలో పై కి ఉన్నది 5. శ్లోకమే ఒక్క అక్షరం జారింది. గణకుడుగారూ, 707లో 528 దగ్గర జారినవాణ్ణి ఎగతాళి చేశారు కదా, దీన్నేమంటారు?

మజ్జిగపులుసు:
5 కావాలంటే ఏ అక్షరం?

అరసున్న:
ఙ, ణ, మ, శ. వీటిలో ఏదైనా.

డాలస్ కోడలు:
అయితే ర తీసేసి 'మన' అని పెట్టండి. మ 5, న 0. ముప్పై రెండో ఇంటి సున్న కూడా వచ్చేస్తుంది.

గణకుడు:
ఛందస్సులో ఒక అక్షరం ఎక్కువవుతుంది.

అరసున్న:
అయితే అయింది, ఈసారికి నేనేమీ అనను.

పాతపలక (నిర్వహణ):
తారీఖు వేసి దాచుకుంటున్నాను ఈ మాట.