పట్రోల్ లీడర్‌ను మీ దగ్గర ఎట్లా ఎంచుకుంటున్నారు?

సార్లు, మేడంలు, నమస్తే. దేవరకొండ దగ్గర ఒక హైస్కూల్లో స్కౌట్ మాస్టర్‌గా చేస్తున్నాను. 24 మంది పిల్లలు, మూడు పట్రోళ్లు, అంటే చిన్న జట్లు. ముగ్గురు లీడర్లూ పదో తరగతికి వచ్చారు, స్పెషల్ క్లాసులతో శనివారం మీటింగుకు రాలేకపోతున్నారు. పత్తి ఏరే రోజుల్లో మిగతావాళ్లూ సగమే వస్తారు.

ఎనిమిదో తరగతి బాబు ఒకడున్నాడు. మాట తక్కువ. కానీ ఆరో తరగతి పిల్లల చెయ్యి పట్టుకుని గుంజకు క్లోవ్ హిచ్ ముడి ఎట్లా వేయాలో ఓపిగ్గా చూపిస్తాడు. నాకైతే వాడే లీడర్. పిల్లలేమో గట్టిగా మాట్లాడేవాడి వైపు చూస్తున్నారు. వాళ్లనే ఎన్నుకోమనాలా, నేనే పెట్టాలా?

వచ్చే నెల దేవరకొండ ఖిల్లాకు హైక్, తర్వాత స్కౌట్లకు పెట్టే ద్వితీయ సోపాన్ స్థాయి పరీక్ష. అదే టెన్షన్. పట్రోల్ లీడర్లు కూర్చుని మాట్లాడుకునే కోర్ట్ ఆఫ్ హానర్ మీటింగ్ మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టినవాళ్లున్నారా? కుదిరిందా? దయచేసి చెప్పండి.